చెరువు నుంచి ప్రాసెసింగ్ ప్లాంటు దాకా రొయ్యల లెక్కలు నిజంగా ఉండాలంటే ఏం చేయాలి?

పట్టుబడి రోజున, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజున, సరుకు కొనే ఏజెంటు చేతిలో కాగితం నిండుగా ఉంటుంది. సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన తేదీ, మేత, "మందులు: లేవు". చాలాసార్లు అది గట్టు మీద అప్పటికప్పుడు నింపిందే. నిజం రాస్తే రేటు కోస్తారని తెలిసిన రైతు నిజం ఎందుకు రాస్తాడు? అందుకే ప్లాంటువాళ్లయినా, రైతు సంఘమైనా లెక్కల యాప్ కొనేముందు ఈ పద్ధతులు పెట్టుకోవాలి.

1. చెరువుకో నంబరు, చెరువుకో పుస్తకం ఇవ్వండి. మేత వేసినవాడే ఆ రోజే రాయాలి. కౌలు చెరువైతే యజమాని పేరూ, సాగుచేసేవాడి పేరూ రెండూ ఉండాలి.

2. నిజం చెప్పినవాడు నష్టపోకూడదు. అన్నిటికంటే ఇదే కష్టం. రైతు ముందే ఫోన్ చేసి, "షాపువాడు లేబుల్ లేని మందు ప్యాకెట్ ఇచ్చాడండీ, చల్లేశాను" అన్నాడనుకోండి. ఆ ఒక్క చెరువును పక్కన పెట్టి పరీక్ష చేయించండి, మిగతా చెరువులు మామూలు రేటుకే కొనండి. దాచి దొరికితే మాత్రం ఆ పంటంతా కొనొద్దు. ఈ రెండు మాటలూ సీడ్ వేయకముందే కాగితం మీద పెట్టాలి.

3. లెక్క కట్టి చూడండి. 50 కౌంట్ అంటే కిలోకి 50, ఒక్కో రొయ్య 20 గ్రాములు. లక్ష పిల్లలు వేస్తే, ఒక్కటీ చావకపోయినా 2 టన్నులే. పుస్తకంలో 3 టన్నులుంటే పక్క చెరువు సరుకు కలిసి ఉండొచ్చు. హేచరీవాళ్లు (పిల్లల్ని పెంచి అమ్మేవాళ్లు) బోనస్‌గా ఇచ్చిన పిల్లల్ని రాయకపోయినా లెక్క ఇలాగే తప్పుతుంది, కాబట్టి తిట్టేముందు అడగండి. మేత బిల్లులు కూడా పక్కన పెట్టుకుని చూస్తే సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

4. శాంపిల్ అమ్మేవాడు తీయకూడదు, కొనేవాడు ఒక్కడే తీయకూడదు. ఇద్దరి ఎదుటా తీసి, చెరువు నంబరు రాసి సీల్ వేయాలి. యూరప్‌కు పంపే సరుకుకు పట్టుబడికి ముందే ఎంపెడా (కేంద్ర ప్రభుత్వ సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) ల్యాబులో యాంటీబయాటిక్ పరీక్ష చేయించాలి. ఆ సర్టిఫికెట్ మీదున్న చెరువే లారీ ఎక్కిందా అన్నది చూడాల్సింది మీరే.

5. క్రేట్లకు ట్యాగులు కట్టండి. నాలుగు చెరువుల సరుకు ఐసులో కలిసిపోయాక ఏ పుస్తకమూ పనికిరాదు. అమెరికాలో దిగుమతి చేసుకునేవాళ్లు రొయ్య ఏ ఫారంలో పెరిగిందో రికార్డు ఉంచాలన్న నిబంధన 2018 చివరి నుంచే ఉంది.

6. ల్యాబు ఫలితం రైతుకు చెప్పండి, బాగున్నప్పుడు కూడా. ఇప్పటికైతే ప్లాంటు నుంచి ఫోన్ వస్తే చాలు, రేటు కోయడానికే అనుకుని సగంమంది ఎత్తరు.