తొలకరికి ముందు కుక్క, పిల్లికి పేలమందు వేస్తున్నారా? ఇవి చూసుకోండి

వానలు మొదలైతే పేలు, పిడుదులు ఒక్కసారిగా పెరుగుతాయి. మందు కొనేముందే ఇవి చూడండి.

• కుక్క మందు పిల్లికి అస్సలు వేయకండి. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో పెర్మెత్రిన్ అని ఉంటే పిల్లికి అది విషం. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. పశువుల పిడుదులకు వాడే డెల్టామెత్రిన్, అమిట్రాజ్ చవకే, కానీ పిల్లి ఉన్న ఇంట్లో వద్దు. పొరపాటున తగిలితే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

• కంపెనీ పేరు కాదు, లోపలి మందు చూడండి. పేలు, పిడుదులను చంపే ఫిప్రోనిల్ అనే మందును చాలా కంపెనీలు అమ్ముతాయి, తక్కువ ధరదైనా అదే మందు.

• బరువు తూచాకే కొనండి. పెద్ద కుక్కకి సరిపడే పిపెట్ (చర్మం మీద చుక్కలుగా వేసే మందు ఉండే చిన్న గొట్టం) కొని రెండింటికి పంచితే మోతాదు తప్పుతుంది.

• మందుకు ముందూ తర్వాతా 2 రోజులు స్నానం వద్దు.

• మెడ వెనక, నాలుక అందని చోట, బొచ్చు పాయ తీసి చర్మం మీదే వేయండి.

• పడుకునే గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి, పేల గుడ్లు ఎక్కువగా రాలేది అక్కడే.

• 8 వారాల లోపు కుక్కపిల్లలకు, పిల్లి కూనలకు డాక్టర్‌ని అడగకుండా ఏదీ వేయకండి.