అటక మీది పాత స్పిన్నింగ్ రీల్‌ను మళ్లీ చెరువుకు తీసుకెళ్లడం ఎలా

మా చిన్నాయన దుబాయ్ నుంచి తెచ్చిన మిచెల్ 300 రీల్ (గాలం కర్రకు బిగించి దారం చుట్టే స్పిన్నింగ్ రీల్) ఒకటి హన్మకొండలో మా ఇంటి అటక మీద ఇరవై ఏళ్లు పడి ఉంది. దించి హ్యాండిల్ తిప్పితే అన్నంలో రాళ్లు నమిలినట్టు కరకర. పాతసామానోడికి వేసేయమన్నారు ఇంట్లో. ఒక ఆదివారం కూర్చుని విప్పాను, సాయంత్రానికి తిరిగింది. ఆ తర్వాత ఇంకో నాలుగైదు పాతవి విప్పాను కాబట్టి చెబుతున్నా, ఇది మీరూ చేయగలరు. కాకపోతే విప్పే ముందు అది ఎలా పనిచేస్తుందో ఒక్కసారి బుర్రకెక్కాలి, లేకపోతే ఏ ముక్క ఎందుకుందో తెలియక సగంలో వదిలేస్తారు.

వరంగల్ వాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. మా తాత ఆజంజాహి మిల్లులో పనిచేశాడు, 1934లో పెట్టిన ఆ మిల్లు ఎప్పుడో మూతపడింది గానీ కండెల సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. కండె మీది నూలును రెండు రకాలుగా తీయొచ్చు. కండె గిర్రున తిరుగుతూ నూలు వదలడం ఒకటి, కండె కదలకుండా నిలబడి ఉంటే నూలు దాని కొస మీదుగా చుట్టలు చుట్టలుగా జారడం రెండోది. స్పిన్నింగ్ రీల్ ఈ రెండో రకం. విసిరినప్పుడు దారం చుట్టి ఉన్న స్పూల్ తిరగదు, దారం అంచు మీదుగా జారిపోతుంది, అందుకే చిన్న ఎర కూడా దూరం పోతుంది. 1905లో ఇలాంటి రీల్‌కు పేటెంట్ తీసుకున్న ఇంగ్లండ్ మనిషి ఇల్లింగ్‌వర్త్ బ్రాడ్‌ఫర్డ్‌లో బట్టల మిల్లుల వ్యాపారంలో ఉన్నవాడే, కండెను చూసే ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. మా తాతకు ఈ రీల్ చూపించి ఉంటే రెండు నిమిషాల్లో పట్టేసేవాడు.

మరి చుట్టేటప్పుడు? స్పూల్ అప్పుడూ తిరగదు. హ్యాండిల్ తిప్పితే లోపల పెద్ద పళ్ల చక్రం తిరుగుతుంది, దాని పళ్లు పినియన్ అనే చిన్న పళ్ల చక్రాన్ని తిప్పుతాయి, పినియన్‌కు బిగించిన రోటర్, దాని మీద దారాన్ని పట్టుకునే వంపు తీగ బెయిల్ స్పూల్ చుట్టూ ప్రదక్షిణ చేస్తూ దారం చుట్టేస్తాయి. పినియన్ మధ్యలో బోలుగా ఉంటుంది, స్పూల్ కూర్చునే ఇరుసు ఆ బోలులోంచి వెళ్తుంది. ఆ ఇరుసు తిరగదు, ముందుకూ వెనక్కూ మాత్రమే జరుగుతుంది, దాంతో దారం ఒకేచోట గుట్ట పడకుండా స్పూల్ పొడవునా పరుచుకుంటుంది. తిరిగేది ఒకటి, దాని కడుపులో జరిగేది ఇంకొకటి. మూత తీసి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పుతూ ఈ రెండు పనులూ ఒకేసారి జరగడం చూడండి, నాకు పాత రీల్స్ పిచ్చి పట్టింది ఆ క్షణంలోనే.

మిచెల్‌ను ఫ్రాన్స్‌లో గడియారాల పనికి పేరున్న క్లూజ్ అనే ఊళ్లో చేసేవాళ్లు, లోపల చూస్తే ఆ చేతివాటం తెలుస్తుంది. అమెరికాలో గార్సియా కంపెనీ అమ్మింది కాబట్టి కొన్నిటి మీద ఆ పేరు కూడా ఉంటుంది. 300కి హ్యాండిల్ ఎడమవైపు, 301కి కుడివైపు, కొనేటప్పుడు చూసుకోండి. స్వీడన్ అబూ కార్డినల్, అమెరికా పెన్ స్పిన్‌ఫిషర్ పాతవాటిలో వర్మ్ గేర్ (స్క్రూలా చుట్లున్న గేర్) ఉంటుంది, బరువెక్కువ గానీ తిప్పితే వెన్నలా ఉంటాయి. నన్నడిగితే మొదటిసారి విప్పేవాళ్లకు మిచెలే మంచిది.

కొనేముందు రెండు పనులు చేయండి చాలు. హ్యాండిల్‌ను చాలా మెల్లగా పూర్తి చుట్టు తిప్పండి. మొత్తం కరకరలాడితే అది గట్టిపడిన గ్రీజు, కడిగితే పోతుంది. ప్రతి చుట్టులో ఒకేచోట టక్కుమంటే మాత్రం పన్ను విరిగినట్టే, వదిలేయండి. రెండోది, దారం ఆనుకుని తిరిగే చిన్న రోలర్ మీద దూది రాయండి. పోగులు తట్టుకుంటే అక్కడ గాడి పడింది, కొత్త దారాన్ని అదే కోసేస్తుంది.

ఇక విప్పడం. సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్, పాత టూత్ బ్రష్, గ్యాసునూనె, అంటే కిరసనాయిలు (దొరక్కపోతే డీజిల్), కుట్టు మిషన్ నూనె, కొంచెం గ్రీజు, ఒక ఇడ్లీ ప్లేటు. ఇడ్లీ ప్లేటు జోక్ కాదు. తీసిన వరుసలోనే ఒక్కో గుంటలో ఒక్కో ముక్క పెడితే బిగించేటప్పుడు వెనక నుంచి వస్తే సరిపోతుంది. మా అమ్మ ఇప్పటికీ ఆ ప్లేటు ముట్టుకోదు, అది వేరే సంగతి. ప్రతి స్క్రూ తీసేముందు ఫోన్‌తో ఫోటో తీయండి, ముఖ్యంగా వాషర్ల వరుస.

ముందు స్పూల్ తీయండి. తర్వాత హ్యాండిల్. ఇలాంటి పాతవాటిలో హ్యాండిల్ స్క్రూలా బిగుసుకునేదైతే యాంటీ రివర్స్ (హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపేది) ఆన్‌లో పెట్టి వెనక్కి తిప్పండి, రోటర్ లాక్ అయి ఉంటుంది కాబట్టి హ్యాండిల్ ఊడొస్తుంది. ఆఫ్‌లో పెట్టి తిప్పితే రీల్ మొత్తం వెనక్కి తిరుగుతూనే ఉంటుంది, నేను మొదటిసారి పది నిమిషాలు అలాగే తిప్పాను. తర్వాత పక్క మూత. లోపల నల్లగా మైనంలా మారిన గ్రీజు కనిపిస్తుంది, దాన్ని అగ్గిపుల్లతో గీరి, లోహం ముక్కల్ని గ్యాసునూనెలో నానబెట్టి బ్రష్‌తో రుద్దండి. రంగు వేసిన బాడీని, ప్లాస్టిక్ ముక్కల్ని మాత్రం సబ్బు నీళ్లతోనే కడిగి ఆరబెట్టండి. పెట్రోల్ జోలికి పోకండి. రోటర్ నట్టు కదలకపోతే బలం చూపించొద్దు, కొన్నిటికి మర ఎదురు దిశలో ఉంటుంది. అక్కడ పాడు కాకపోతే దాన్ని అసలు విప్పకుండానే పని నడుస్తుంది.

బెయిల్ స్ప్రింగ్ దగ్గర జాగ్రత్త. ఆ స్క్రూ వదులవగానే స్ప్రింగ్ ఎగిరిపోతుంది. మొదటిసారి నాది బాల్కనీ దాటి పక్కింటి తులసి కోట వైపు పోయింది, ఇప్పటికీ దొరకలేదు. రెండు నెలలు బెయిల్‌ను వేలితో మూస్తూ చేపలు పట్టాను, చివరికి తాళాలు బాగుచేసే ఆయన స్టీల్ తీగ చుట్టి ఇచ్చాడు. ఇప్పుడు చేతుల్ని, రీల్‌ను పెద్ద పారదర్శక ప్లాస్టిక్ సంచిలో పెట్టి విప్పుతున్నా. ఎగిరినా సంచిలోనే ఉంటుంది.

గ్రీజు పళ్లకు మాత్రమే, అదీ పలచగా. ఇరుసుకు, రోలర్‌కు, హ్యాండిల్ నాబ్‌కు, బెయిల్ మడత దగ్గర కుట్టు మిషన్ నూనె ఒక్కో చుక్క. యాంటీ రివర్స్ నాలుకకు గ్రీజు అస్సలు వద్దు. పళ్ల మీద పడుతూ టిక్ టిక్‌మనే చిన్న ముక్క అది, గ్రీజులో అతుక్కుంటే టైముకు పడదు, చేప లాగినప్పుడు హ్యాండిల్ వెనక్కి తిరిగి వేలి కణుపుల మీద కొడుతుంది. కొత్త రీల్స్‌లో ఒకవైపే తిరిగే రోలర్ బేరింగ్ ఉంటుంది, చప్పుడే ఉండదు. నాకు మాత్రం చెరువు కట్ట మీద ఆ టిక్ టిక్ కావాలి.

డ్రాగ్ అంటే స్పూల్‌లో వరుసగా పేర్చిన వాషర్లు, ఒకటి స్పూల్‌తో తిరిగేది, ఒకటి ఇరుసుకు అంటుకుని నిలిచేది, మళ్లీ అలా. పెద్ద చేప లాగితే ఇవి జారి స్పూల్ తిరుగుతుంది, దారం తెగకుండా బయటికి పోతుంది. పొడి గుడ్డతో తుడిచి ఫోటో చూసి అదే వరుసలో పెట్టండి. సెట్ చేయడానికి కిలో చక్కెర ప్యాకెట్ చాలు. నాలుగు కిలోల బరువు ఆపే దారమైతే ప్యాకెట్‌ను దాని కొసకు కట్టి రీల్‌ను పైకెత్తండి, ప్యాకెట్ కుదుపు లేకుండా మెల్లగా కిందికి దిగాలి. ఆగి ఆగి దిగితే వాషర్లు మళ్లీ తుడవాలి.

స్పూల్‌కు దారం అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల కింద దాకా నింపండి. తక్కువైతే దూరం పోదు, ఎక్కువైతే విసిరినప్పుడు ఒక్కసారిగా చుట్టలు ఊడి పిచ్చుక గూడవుతుంది. ఈ రీల్స్ మీద అందరూ చెప్పే తిట్టు పురి పడుతుందని. నిజమే, కానీ సగం తప్పు మనదే. కొర్రమీను గట్టిగా లాగి డ్రాగ్ జారుతున్నప్పుడు టెన్షన్‌లో మనం హ్యాండిల్ తిప్పేస్తాం. దారం లోపలికి రాదు, రోటర్ మాత్రం తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ దారానికి ఒక పురి. హ్యాండిల్ ఒక్క చుట్టుకు బెయిల్ ఎన్ని చుట్లు తిరుగుతుందో మీ రీల్ మీద లెక్కపెట్టండి, మూడు నాలుగు వస్తుంది. అలా పాతిక చుట్లు తిప్పితే దారానికి డెబ్బై అయిదు నుంచి నూరు పురులు. డ్రాగ్ కూస్తుంటే చేయి ఆపండి, రాడ్ ఎత్తి చేపను లాగండి, రాడ్ దించుతూ చుట్టండి.

అప్పటికే పురి పడిందా, కాకతీయ కాలువలో నీళ్లు వదిలినప్పుడు గట్టు మీద భద్రమైన చోట నిలబడి గాలం, బరువు ఏమీ కట్టకుండా యాభై మీటర్ల దారం ప్రవాహంలోకి వదలండి. కాసేపు ఉంచి వేళ్లతో పట్టుకుంటూ చుట్టండి, పురి దానంతటదే విప్పుకుంటుంది. నీళ్లు లేకపోతే వరి కోసిన పొలంలో దారం ఈడ్చుకుంటూ నడవండి.

చేపలు పట్టడానికి వెళ్లేముందు ఆ చెరువు మత్స్య సహకార సంఘానిదైతే వాళ్లను అడగండి, పాకాల వైపు అభయారణ్యం కాబట్టి అక్కడ గాలం మాట ఎత్తకండి. తిరిగొచ్చాక రీల్ తుడిచి, డ్రాగ్ నాబ్ పూర్తిగా వదులు చేసి పెట్టండి. మా చిన్నాయన బిగించి అటక మీద పెట్టినందుకే ఆ వాషర్లు ఇరవై ఏళ్లలో తడిసిన అప్పడాల్లా ఒకదానికొకటి అతుక్కుపోయాయి, చాకు మొనతో ఒక్కొక్కటిగా విడదీయడానికే నాకు ఆ ఆదివారం సగం అయిపోయింది.