డీజిల్ మోటార్‌హోమ్: మైలేజీ పడిపోయినా, పొగ వచ్చినా, వేడెక్కినా, స్టార్ట్ కాకపోయినా ఎక్కడ చూడాలి

అమెరికాలో పాత డీజిల్ మోటార్‌హోమ్ (లోపలే ఇల్లులా ఉండే బండి) కొనాలనుకునే మనవాళ్లు ముందుగా అడిగేది కమిన్స్ మంచిదా, క్యాటర్‌పిల్లర్ మంచిదా, స్ప్రింటర్ వ్యానులో వచ్చే మెర్సిడెస్ మంచిదా అని. ఇవే ఇంజిన్లు లారీల్లో, డెలివరీ బండ్లలో లక్షల మైళ్లు తిరుగుతాయి. అదే ఇంజిన్ మోటార్‌హోమ్‌లో 60 వేల మైళ్లకే షెడ్డుకు వస్తోందంటే కారణం అరుగుదల కాదు. బండి ఏడాదిలో ఎక్కువ రోజులు కదలకుండా ఉంటుంది. పెద్ద బండ్లలో ఇంజిన్ వెనకవైపు మంచం కింద, డీజిల్ ట్యాంకు ముందువైపు ఉంటాయి. రేడియేటర్‌కు ఎదురుగాలి తగలదు. కింద చెప్పిన సమస్యల్లో చాలావాటికి మూలం ఇదే. ఇంజిన్ పేరు బట్టి తేడా వచ్చే చోట్ల పేరు పెట్టి చెప్పాం.

సమస్య: మైలేజీ తగ్గింది

ముందు నిజంగా తగ్గిందో లేదో తేల్చుకోవాలి. 40 అడుగుల బండిలో కమిన్స్ ఐఎస్ఎల్ 8.9 లీటర్ల ఇంజిన్ గ్యాలన్‌కు 7 నుంచి 8 మైళ్లు ఇస్తే సరిగ్గా ఉన్నట్టే. 34-36 అడుగుల బండిలో కమిన్స్‌దే చిన్న ఇంజిన్ ఐఎస్‌బీ అయితే 8 నుంచి 10. స్ప్రింటర్ మీద కట్టిన చిన్న మోటార్‌హోమ్‌లో మెర్సిడెస్ వీ6 డీజిల్ 14 నుంచి 17 ఇస్తుంది. ఫోర్డ్ పెట్రోల్ వీ10 పెద్ద బండిలో 6 నుంచి 9. డీజిల్ గ్యాలన్‌లో పెట్రోల్ కంటే పది పదిహేను శాతం ఎక్కువ శక్తి ఉంటుంది కాబట్టి ఒకే సైజు బండ్లలో ఈ తేడా సహజం. అయితే డీజిల్ ధర, 20 లీటర్లకు పైగా పట్టే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ల ఖర్చు కలుపుకుంటే ఏడాదికి ఐదారు వేల మైళ్లు తిరిగేవారికి డబ్బు మిగలదు. డీజిల్ తీసుకోవాల్సింది ఘాట్ రోడ్లలో లాగే బలం కోసం, దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని బిగించి ఇంజిన్‌తోనే బండిని ఆపే ఏర్పాటు) పట్టు కోసం. మైలేజీ ఆశతో తీసుకుంటే నిరాశ తప్పదు.

డ్యాష్‌బోర్డు చూపే అంకెను నమ్మకండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు లెక్క వేయండి. జనరేటర్ కూడా అదే ట్యాంకులోంచి తాగుతుంది. 8 కిలోవాట్ల డీజిల్ జనరేటర్ సగం లోడు మీద గంటకు అర గ్యాలన్ దగ్గర కాలుస్తుంది. 500 మైళ్లకు 62.5 గ్యాలన్లు పడితే మైలేజీ 8 అనిపిస్తుంది. మధ్యలో ఏసీ కోసం జనరేటర్ పది గంటలు నడిచి ఉంటే ఆ 5 గ్యాలన్లు తీసేయాలి, అప్పుడు 8.7 వస్తుంది. డీజిల్ హీటర్ ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది. ఇంజిన్‌ను ఊరికే ఆన్‌లో ఉంచినా గంటకు అర గ్యాలన్ నుంచి గ్యాలన్ దాకా పోతుంది.

లెక్క సరిగ్గా వేసినా తక్కువే వస్తోందంటే తర్వాత చూడాల్సింది వేగం. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 65 మైళ్ల నుంచి 75కి పోతే మూడో వంతు ఎక్కువవుతుంది. అలాగని 52 దగ్గర నడిపితే చాలా బండ్లలో అలిసన్ గేర్‌బాక్స్ ఆరో గేరుకు వెళ్లక ఐదులోనే ఉండిపోతుంది. 60-63 మధ్య నడపండి, గేరు ప్యాడ్ మీద ఉన్న మోడ్ బటన్‌తో ఎకానమీ పెట్టుకోండి. తర్వాత ట్రక్ స్టాప్‌లోని కాటా మీద బండిని సామానుతో, నీళ్లతో తూయించి, ఇరుసు బరువును బట్టి టైరు కంపెనీ పట్టికలోని గాలి పెట్టండి. ఇవన్నీ సరిగ్గా ఉండి మైలేజీతో పాటు పికప్ కూడా తగ్గితే తప్పు ఎక్కువగా ఇంజిన్‌కు వెళ్లే గాలి దారిలో ఉంటుంది.

సమస్య: ఎక్కుడులో నల్లపొగ, బండి లాగడం లేదు

డీజిల్ సరిపడా వస్తోంది, గాలి చాలడం లేదు. ముందు ఎయిర్ ఫిల్టర్ ఇండికేటర్ చూడండి. 25 అంగుళాల గీత దాటితే ఫిల్టర్ మార్చాలి. దాటకపోయినా మూడేళ్లకు మార్చేయాలి, ఎందుకంటే కాగితం తడిసి ఆరి బలహీనపడుతుంది. వానలో నలిగిన ఫిల్టర్ అంచు తెరుచుకుంటే దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోతుంది, ఆ ఇంజిన్ ఇక కోలుకోదు.

ఫిల్టర్ బాగుంటే టర్బో నుంచి ఇంజిన్‌కు వెళ్లే గాలిని చల్లార్చే ఛార్జ్ ఎయిర్ కూలర్‌ను అనుమానించాలి. క్లాంపు వదులైనా, రబ్బరు గొట్టం చీలినా, కూలర్ మూల అతుకు పగిలినా బూస్ట్ (టర్బో ఒత్తిడితో నెట్టే గాలి) బయటికి పోతుంది. పొగ, తక్కువ పికప్, వేడి, మైలేజీ నష్టం నాలుగూ కలిసి వస్తే దాదాపు ఇదే. కూలర్ రెండు గొట్టాలు విప్పి, రెండు మూతులకూ బిరడాలు బిగించి గొలుసుతో కట్టండి. గాలి ఒత్తిడికి బిరడా ఎగిరితే తగిలినవాడికి ప్రాణం మీదికొస్తుంది. 30 పీఎస్ఐ గాలి పట్టించి వాల్వు మూసి 15 సెకన్లు చూడండి. 7 పీఎస్ఐ కంటే ఎక్కువ పడిపోతే కమిన్స్ లెక్క ప్రకారం కూలర్ మార్చాలి. గొట్టాల మీద సబ్బునీళ్లు చల్లితే బుడగలు చూపిస్తాయి.

నల్లపొగ లేకుండా లాగకపోతే ఫ్యూయల్ ఫిల్టర్ చూడండి. నెలల తరబడి నిలబడిన ట్యాంకులో నీరు చేరుతుంది, నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురుతో ఫిల్టర్ మూసుకుపోతుంది. బండి నిలబెట్టేముందు ట్యాంకు నింపి, బయోసైడ్ (ఆ సూక్ష్మజీవులను చంపే మందు) కలపండి. వాటర్ సెపరేటర్‌లోంచి నీళ్లు రావడం ఆగి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. రెండు స్పేర్ ఫిల్టర్లు బండిలోనే ఉంచండి. కామన్ రైల్ ఇంజిన్లలో (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందేవి) ఇంజెక్టర్ల వైపు ఉండే రెండో ఫిల్టర్‌ను డబ్బాలోంచి పోసి నింపకూడదు, అందులో పడిన నలుసు ఇంజెక్టర్లకు చేరుతుంది. ఎలక్ట్రిక్ ప్రైమింగ్ పంపు ఉంటే తాళం ఆన్ చేసి 30 సెకన్ల చొప్పున మూడు నాలుగు సార్లు తిప్పితే నిండుతుంది.

సమస్య: ఘాట్ ఎక్కుతుంటే వేడెక్కుతోంది

రేడియేటర్ బండి వెనకభాగంలో ఉన్నవాటిలో ఇది తరచూ వస్తుంది. చాలామంది థర్మోస్టాట్, వాటర్ పంపు, చివరికి రేడియేటర్ కూడా మార్చేస్తారు, వేడి మాత్రం అలాగే ఉంటుంది.

ఇంజిన్ కింద నుంచి ఒక గొట్టం నేలవైపు వేలాడుతుంది. క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగుభాగం) ఆవిరి అందులోంచి పోతుంది, ఆ ఆవిరిలో ఆయిల్ తుంపర ఉంటుంది. ఫ్యాను గాలిని ఇంజిన్ వైపు నుంచి వెనక్కు నెడుతుంది కాబట్టి తుంపరంతా ఛార్జ్ ఎయిర్ కూలర్ ముందు వైపు రెక్కలకు అంటుకుంటుంది, దాని మీద రోడ్డు దుమ్ము పేరుకుంటుంది. కొన్నేళ్లకు అది మందపాటి గొంగళి ముక్కలా తయారవుతుంది. వెనక తలుపు తీసి చూస్తే రేడియేటర్ తళతళలాడుతూనే కనిపిస్తుంది, ఎందుకంటే మురికి ఉండేది ఇంజిన్ వైపు. పడకగదిలో మంచం కింది మూత ఎత్తి, ఫ్యాను సందులోంచి టార్చి వేసి చూడాలి.

ఇంజిన్ చల్లారాక ఆల్టర్నేటర్‌కు ప్లాస్టిక్ సంచి కట్టండి. అల్యూమినియంకు హాని చేయని డీగ్రీజర్‌ను రెండు వైపుల నుంచీ ధారాళంగా కొట్టి, పావుగంట నాననిచ్చి, మామూలు తోట పైపుతో వెనక నుంచి ఇంజిన్ వైపుకు కడగండి. ప్రెషర్ వాషర్ వాడితే రెక్కలు వంగి గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. నీళ్లు తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలి, ఒకసారితో పోదు. తర్వాత ఆ గొట్టానికి హోసు అతికి, రేడియేటర్‌ను దాటించి వదిలేయండి. దాన్ని మూయడం మాత్రం చేయొద్దు, లోపల ఒత్తిడి పెరిగి సీళ్లు తన్నేస్తాయి. ఇంజిన్ వాలుగా కూర్చున్న బండ్లలో ఆయిల్ గేజి పుల్ల తప్పు చూపిస్తుంది. ఎక్కువైన ఆయిలంతా తుంపరగా బయటికొస్తుంది కాబట్టి, ఒకసారి కొలిచి పోసి పుల్ల మీద మీ గీత మీరే గీసుకోవడం మంచిది.

పక్క రేడియేటర్ బండ్లలో ఫ్యాను హైడ్రాలిక్ ఆయిల్‌తో తిరుగుతుంది. అక్కడ వేడెక్కితే ముందు ఫ్యాను వేగం చూడాలి. కంట్రోలర్ చెడి ఫ్యాను నెమ్మదిగా తిరిగితే వేడి, ఎప్పుడూ పూర్తి వేగంతో తిరిగితే హోరు, మైలేజీ నష్టం. ఏ బండి అయినా ఎక్కుడులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి తక్కువ ఆర్‌పీఎంలో ఈడ్చొద్దు. గేరు దించి 2000 పైన ఉంచితే ఫ్యాను, వాటర్ పంపు రెండూ వేగంగా తిరుగుతాయి.

కమిన్స్ ఐఎస్‌సీ, ఐఎస్ఎల్ ఇంజిన్లలో లైనర్ల (సిలిండర్లలో విడిగా అమర్చే గొట్టాలు) చుట్టూ నేరుగా కూలెంట్ తిరుగుతుంది. పాతరకం కూలెంట్ ఉంటే అందులో కలిపే ఎస్‌సీఏ అనే రక్షక మందు మోతాదును పరీక్ష కాగితంతో ఏడాదికి రెండుసార్లు చూడాలి. తగ్గితే లైనర్‌కు బయటి నుంచి సూది రంధ్రాలు పడి కూలెంట్ ఆయిల్లో కలుస్తుంది. ఐఎస్‌బీలో లైనర్లు లేవు, ఈ భయం లేదు.

సమస్య: సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు

సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతుంటే ముందు కరెంటు వైపు చూడండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్టార్టర్ దగ్గరే వోల్టేజీ కొలవాలి. 9.6 వోల్టుల కంటే కిందికి పడితే బ్యాటరీ గానీ, తుప్పు పట్టిన ఎర్తు కేబుల్ గానీ కారణం.

సెల్ఫ్ బాగానే తిరిగి, రాత్రంతా నిలిపాక మాత్రమే మొరాయిస్తే ఎయిర్ పడుతోంది. ముందున్న ట్యాంకు నుంచి వెనక ఇంజిన్ దాకా 30 అడుగుల రబ్బరు గొట్టం ఉంటుంది. పదేళ్లు దాటిన గొట్టం పగుళ్లిస్తుంది. అది పీల్చే వైపు కాబట్టి డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి వస్తుంది. అందుకే కింద ఎంత వెతికినా చుక్క కనిపించదు. ఫిల్టర్ ముందు కొద్దిపాటి పారదర్శక గొట్టం పెట్టి బుడగలు చూడండి. బుడగలొస్తే, ఇంజిన్ దగ్గర చిన్న డబ్బాలోంచి డీజిల్ తాగించి చూడండి. అప్పుడు ఆగిపోతే మొత్తం లైను మార్చాలి.

1998-2002 నాటి 5.9 లీటర్ల ఐఎస్‌బీలో వీపీ44 అనే ఇంజెక్షన్ పంపు ఉంటుంది. తన గుండా పారే డీజిలే దానికి చలువ, అదే నూనె. ట్యాంకు నుంచి డీజిల్ అందించే లిఫ్ట్ పంపు బలహీనపడితే ఇది మాడిపోతుంది. ప్రెషర్ గేజి పెట్టుకుని, లోడు మీద 10 పీఎస్ఐ దగ్గర ఉందో లేదో చూస్తుండాలి. 5కి పడితే ఆ రోజే లిఫ్ట్ పంపు మార్చండి. ఇదే కాలపు ఇంజిన్ బ్లాకు పక్కన పోతలో 53 అంకె ఉంటే ఆ బ్లాకులు పగిలిన చరిత్ర ఉంది, కూలెంట్ చెమ్మ కోసం వెతకండి. ఈ రెండూ లేని 2003 తర్వాతి కామన్ రైల్ 5.9కే మా ఓటు.

క్యాటర్‌పిల్లర్ 3126, సీ7లలో ఇంజెక్టర్లను తెరిచేది అధిక ఒత్తిడితో వచ్చే ఇంజిన్ ఆయిల్. చల్లగా బాగా స్టార్ట్ అయి, వేడి మీద ఆపిన పది నిమిషాలకు మొరాయిస్తే ఇంజెక్టర్ ఓ-రింగుల దగ్గర ఆయిల్ జారిపోతోంది. వేడికి పలచబడిన ఆయిల్ ఇంకా తేలిగ్గా జారుతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్కానర్‌లో ఆ ఒత్తిడి 870 పీఎస్ఐ దగ్గరకు రావాలి. ఇంజిన్ గట్టిదే గానీ, 2010 ఉద్గార నిబంధనలు వచ్చేసరికి క్యాటర్‌పిల్లర్ రోడ్డు బండ్ల ఇంజిన్లు మానేసింది. కొనేముందు దగ్గర్లో తెలిసిన మెకానిక్ ఉన్నాడో లేదో చూసుకోండి.

సమస్య: హెచ్చరిక లైటు వెలిగి వేగం తగ్గిపోయింది

2007 తర్వాతి ఇంజిన్లకు మసి ఫిల్టర్, 2010 తర్వాతివాటికి పొగను శుభ్రం చేసే డెఫ్ ద్రవం కూడా వచ్చాయి. మసి ఫిల్టర్ నిండటానికి కారణం ఇంజిన్‌ను గంటల కొద్దీ ఊరికే ఆన్‌లో ఉంచడం. హైవే మీద అరగంట ఆగకుండా నడపండి, లేదా నిలిపి రీజెన్ (ఫిల్టర్‌లోని మసిని వేడితో కాల్చేయడం) చేయండి. ఎండుగడ్డి మీద మాత్రం వద్దు, ఎగ్జాస్ట్ గడ్డి అంటుకునేంత వేడెక్కుతుంది.

డెఫ్‌లో 32.5 శాతం యూరియా. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఏడాదిన్నర నిలుస్తుంది, 35 దగ్గర ఆరు నెలలే. టెక్సస్, అరిజోనా ఎండల్లో నిలబెట్టే బండిలో సీజన్ చివర ట్యాంకు నింపి వదిలేయొద్దు. ట్యాంకులోని సెన్సర్ చెడితే ద్రవం బాగున్నా బండి దశలవారీగా గంటకు 5 మైళ్లకు పడిపోవచ్చు. కోడ్ చదివించకుండా ద్రవం మార్చడం దండగ.

స్ప్రింటర్ వీ6లో ఇదే లైటుకు మరో కారణం టర్బో దగ్గరి ప్లాస్టిక్ రెజొనేటర్ (గాలి హోరు తగ్గించే డబ్బా) చీలడం. అల్యూమినియంది వేస్తే సరిపోతుంది. ఇంజిన్ వెనక ఆయిల్ కారితే వెనక సీలు (రియర్ సీల్) పోయిందంటూ గేర్‌బాక్స్ దించనివ్వకండి. రెండు సిలిండర్ వరుసల మధ్య ఉన్న ఆయిల్ కూలర్ సీళ్లు చూడమనండి. పాత నారింజ రంగువి తీసి ఊదారంగువి వేయాలి. ఇలినాయ్ బంకుల్లో, వేసవిలో మిన్నెసోటాలో బయోడీజిల్ 20 శాతం దాకా ఉంటుంది. ఈ ఇంజిన్‌కు మెర్సిడెస్ ఒప్పుకునేది 5 శాతమే కాబట్టి పంపు మీది స్టిక్కర్ చదివి కొట్టించండి.

కొనే బండిని చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. ముందే వేడి చేసి పెట్టి ఉంటే ఇంకో రోజు వెళ్లండి. ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కు పంపడానికి అయ్యే ఖర్చు తక్కువ. రిపోర్టులో సిలికాన్‌తో పాటు ఇనుము, అల్యూమినియం కూడా ఎక్కువగా ఉంటే ఇంజిన్ దుమ్ము తాగినట్టు. దాన్ని ఏ ధరకూ తీసుకోకండి.