చెల్కలో టెలిస్కోపు పెట్టి ఎఫ్‌ఓ అక్వేరీ తిరుగుడు కొలవడం

స్పందనలే (తార తనలో తాను కంపించడం వల్ల వెలుగు మారడం) చూడాలని జీడబ్ల్యూ లిబ్రే అనే తారతో మొదలుపెట్టకండి. అది సుమారు 17 మాగ్నిట్యూడ్ (అంకె పెరిగితే తార మసక), 8 అంగుళాల టెలిస్కోపుకు అందడం కష్టం. ముందు కుంభరాశిలోని ఎఫ్‌ఓ అక్వేరీ అనే జంట తారను పట్టండి. మామూలుగా 13.5 దగ్గర ఉంటుంది. తోడు తార నుంచి గుంజుకున్న వాయువు శ్వేత కుబ్జం (తార చచ్చాక మిగిలే చిన్న, చిక్కటి గోళం) అయస్కాంత ధ్రువాల మీద పడుతుంది. ఆ కుబ్జం 20.9 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది, వెలుగు దాంతోపాటే పెరిగి తగ్గుతుంది.

అదను అక్టోబరు నడుమ, వానలు వెనక్కి పోయాక. అప్పుడు రాత్రి 7 నుంచి 12 దాకా తార అందుతుంది. నవంబరు నడుమకు 10 దాటితే కిందికి దిగిపోతుంది. సాగర్ కాలువ కింది మళ్ల గట్టున పెట్టొద్దు: అద్దానికి మంచు పడుతుంది, కోత మిషన్ల దుమ్ము అదనం. దేవరకొండ, అచ్చంపేట వైపు చెల్క మేలు. బావి మోటారు లైన్ కరెంటును నమ్మకుండా 12 వోల్టుల బ్యాటరీ తెచ్చుకోండి.

ఫిల్టర్ లేకుండా 30 సెకన్ల ఎక్స్‌పోజర్లు, నడుమ విరామం 10 సెకన్లు మించకుండా తీయండి. పోల్చే తార (వెలుగు మారని పక్క తార) సాచురేట్ కావొద్దు, అంటే కెమెరా పట్టగల వెలుగు హద్దు దాటొద్దు. గడియారం జీపీఎస్‌తో సరిచూడండి. ఎక్స్‌పోజర్ మొదలు కాదు, దాని నడిమి సమయం లెక్కకు తీసుకోవాలి. మెరిడియన్ ఫ్లిప్ (తార ఆకాశం నడిమి గీత దాటాక టెలిస్కోపును అటుపక్కకు తిప్పడం) అక్టోబరు నడుమ రాత్రి 9 ప్రాంతంలో వస్తుంది. ఫ్లాట్లు (సమంగా వెలిగే తెర మీద తీసి, బొమ్మలోని వెలుగు తేడాలు సరిచేసే ఫొటోలు) బాగాలేకుంటే అక్కడ వెలుగు మెట్టులా ఎగురుతుంది.

అసలు చిక్కు విశ్లేషణలో. వెలుగు ఏ కాలంతో మారుతోందో చూపే గ్రాఫ్‌లో 20.9 పక్కనే 22.5 నిమిషాల శిఖరం ఉంటుంది. అది తిరుగుడు, 4.85 గంటల కక్ష్య కలిసి పుట్టించిన బీట్ (రెండు లయల తేడాతో వచ్చే మూడో లయ). రెండు గంటల డేటాలో రెండూ ఒకే ముద్ద. కక్ష్య కంటే ఎక్కువసేపు చూస్తేనే విడిపోతాయి, అందుకే వరుసగా మూడు రాత్రులు కావాలి. పగటి ఖాళీల వల్ల రోజుకొక చుట్టు తేడాతో దొంగ శిఖరాలు లేస్తాయి, వాటిని ఏరేయండి. 8-10 నిమిషాల శిఖరం కనిపిస్తే సంతోషపడే ముందు మౌంటు (టెలిస్కోపును తిప్పే పీఠం) వార్మ్ గేర్ ఎంతసేపటికి తిరుగుతుందో చూడండి, ఆ శిఖరం దానిదే కావచ్చు. 11.26 నిమిషాలైతే వేరే కథ: 2016లో ఈ తార మసకబారినప్పుడు నిజంగానే అది ముందుకొచ్చింది.

తిరుగుడు రాత్రి తర్వాత రాత్రి లెక్క తప్పదు. స్పందనలు అట్లా కాదు: ఒకదానికొకటి పొంతన లేని కాలాలు, ఎత్తు మారే శిఖరాలు. నెలల డేటా కలపాలంటే బారీసెంట్రిక్ సవరణ (సమయాలను సౌరకుటుంబం బరువు కేంద్రం దగ్గరి లెక్కకు మార్చడం) తప్పదు. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల వెలుగు 8 నిమిషాల దాకా ముందూ వెనకా అవుతుంది.

ఇది చేయి తిరిగాక అదే రాశిలో ఏఈ అక్వేరీ ఉంది, సుమారు 11 మాగ్నిట్యూడ్. దాని తిరుగుడు 33 సెకన్లే. ఎక్స్‌పోజర్ 5 సెకన్లకు దించకుంటే గ్రాఫ్‌లో ఆ తిరుగుడు కనిపించదు.