బోస్టన్ నుంచి ఎక్టన్ దాకా: వలసకాలపు అమెరికన్ వంశమూలాలను వెతికే పద్ధతి

అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్లో జీవించిన ఒక వ్యక్తి పూర్వీకులను వెతకబోయేవారు, అదే పేరుగల మనిషి ఇంగ్లండ్ రిజిస్టర్లలో కనబడగానే బంధుత్వం కలిపేయకూడదు. ఆయన కన్నుమూసిన చోటి కాగితాలతో మొదలుపెట్టి, ఒక్కొక్క తరాన్నీ రుజువు చేసుకుంటూ వెనక్కి వెళ్లాలి.

అమెరికాలో దేశవ్యాప్త జనగణన మొదటిసారి 1790లో జరిగింది. అందులోనూ ఇంటి పెద్ద పేరు తప్ప మిగతావారంతా అంకెలుగానే ఉంటారు. అందుచేత వీలునామాలు, భూమి దస్తావేజులు, చర్చి రిజిస్టర్లే అసలు ఆధారాలు. మసాచుసెట్స్‌లో జనన మరణాలను ఊరి గుమాస్తా నమోదు చేసేవాడు కనుక పని కొంత సులువు. వర్జీనియాలో కొన్ని కౌంటీల కోర్టు పుస్తకాలు కాలిపోయాయి కాబట్టి పక్క కౌంటీలవి కూడా తిరగేయక తప్పదు. చాలావాటి నకళ్లు ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పేరు పక్కన ‘జూనియర్’ అని ఉన్నంత మాత్రాన కొడుకని అనుకోకండి. ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరిలో చిన్నవాడిని, చుట్టరికం లేకపోయినా, అలాగే రాసేవారు.

తేదీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1752కు ముందు ఇంగ్లండ్‌లోనూ దాని వలసల్లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందువల్ల 1705 ఏప్రిల్‌లో పెళ్లయిన దంపతులకు 1705 ఫిబ్రవరిలో బిడ్డ పుట్టినట్టు కనిపిస్తే తప్పేమీ లేదు. ఆ ఫిబ్రవరి ఏప్రిల్ తరవాత వచ్చినదే. అమెరికా స్థాపకుల్లో ఒకరైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పుట్టినరోజు కూడా నాటి లెక్కలో 1705 జనవరి 6, నేటి లెక్కలో 1706 జనవరి 17 (క్యాలెండర్ మారడంతో తేదీ కూడా 11 రోజులు ముందుకు జరిగింది).

ఆ ఫ్రాంక్లిన్ తన వంశాన్ని తానే వెతుక్కున్న తీరు నేటికీ అనుసరించదగినది. తండ్రి జోసయ్య 1683లో ఇంగ్లండ్‌లోని బాన్‌బరీ నుంచి బోస్టన్‌కు వలస వచ్చాడు, కానీ వంశం ఊరు బాన్‌బరీ కాదు, నార్తాంప్టన్‌షైర్‌లోని ఎక్టన్. ఆ సంగతి పెదతండ్రి రాసిపెట్టిన కాగితాల్లో ఉంది. 1758లో ఫ్రాంక్లిన్ ఎక్టన్ వెళ్లి, 1555 నుంచి ఉన్న చర్చి రిజిస్టర్‌ను పరిశీలించాడు. సమాధి రాళ్ల మీద నాచు పట్టి అక్షరాలు కనబడకపోతే, మతగురువు భార్య గట్టి బ్రష్షూ నీళ్లూ తెప్పించింది. ఫ్రాంక్లిన్ వెంట వచ్చిన బానిస పీటర్ రాళ్లను రుద్ది కడిగితే, కొడుకు విలియం ఆ రాతలను నకలు రాసుకున్నాడు.

కాబట్టి స్వగ్రామం పేరును ముందు అమెరికా కాగితాల్లోనే వెతకాలి. అక్కడ దొరకకపోతే మీరు వెతికే వ్యక్తి వీలునామాకు సాక్షి సంతకం చేసినవారు, పొలం గట్టు పంచుకున్నవారు ఎక్కడివారో చూడాలి. ఒకే ఊరివారు కలిసి వలస వెళ్లడం అప్పట్లో మామూలే. చివరగా, ఇంగ్లండ్ రిజిస్టర్లో దొరికిన ఆ పేరుగల పిల్లవాడు పసితనంలోనే పోయాడేమో, పెద్దయ్యాక ఆ ఊళ్లోనే పెళ్లాడి స్థిరపడ్డాడేమో, ఖనన, వివాహ పుటలు తప్పనిసరిగా సరిచూడాలి.