స్పీకర్ కాదు, పెట్టె మోగుతోంది

మా ఇంట్లో ఆంప్లిఫయర్ రాత్రి పదిన్నర దాటిందంటే మొదలుపెట్టేది. పాట ఆపేసినా గుయ్‌మని సన్నటి మోత. పగలు ఉండదు. "అందులో తుమ్మెద దూరిందేమో చూడండి" అంది మా ఆవిడ. మూడు వారాల పాటు కనబడ్డ ప్రతి వైరూ మార్చాను, ఎర్త్ మళ్లీ వేయించాను, ఫిల్టర్ కెపాసిటర్లు కొత్తవి వేశాను. డబ్బులు పోయాయి, మోత పోలేదు. అది అసలు స్పీకర్లలో లేదు మరి, పెట్టెలోనే ఉంది.

మీరు నాలా తిరగకుండా ముందు ఇది చేయండి. ఆంప్లిఫయర్ ఆపి, స్పీకర్ వైర్లు రెండు పక్కలా ఊడదీసి, వాల్యూమ్ సున్నాకి తెచ్చి మళ్లీ ఆన్ చేయండి. (వాల్వుల ఆంప్లిఫయర్ అయితే స్పీకర్లు ఊడదీయకూడదు. వాల్యూమ్ తగ్గించి, స్పీకర్ దగ్గర ఒకసారి, పెట్టె దగ్గర ఒకసారి చెవి పెట్టండి.) మోత పోయిందంటే అది ఎర్తింగు, కెపాసిటర్ల గొడవ, దానికి వైద్యం వేరు. ఇంకా వినిపిస్తోందంటే మోగేది ట్రాన్స్‌ఫార్మరే. మూత తీయక్కర్లేదు. చెక్క గరిటె ఒక కొస మూత మీద, రెండో కొస చెవి దగ్గర పెట్టి జరుపుతూ పోతే ఎక్కడ మోగుతోందో తెలిసిపోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ తీగచుట్ల నడుమ ఉండే కోర్‌లోని ఇనుము అయస్కాంతమైన ప్రతిసారీ కంటికి కనబడనంత సాగి, మళ్లీ ముడుచుకుంటుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. అటు తిరిగినా ఇటు తిరిగినా ఇనుము సాగుతుంది కనుక మోత 100 హెర్ట్జ్‌లో వస్తుంది. కర్ణాటక సంగీతంలో ఒకటి శ్రుతికి మంద్ర పంచమం 98 హెర్ట్జ్. అంటే మా ట్రాన్స్‌ఫార్మర్ ఓ పిసరు శ్రుతి పెరిగిన తంబూరా అన్నమాట. కచేరీ రికార్డింగులు వినేవాడికి ఇంతకన్నా నరకం లేదు.

ఇక స్క్రూడ్రైవర్ అక్కడ పెట్టేసి, పెట్టెను షోకేసులోంచి దింపండి. నేల మీద నాలుగు మడతల తువ్వాలు వేసి దాని మీద పెట్టి వినండి. నాకు సగం మోత అక్కడే పోయింది. పలచటి ప్లైవుడ్ షెల్ఫు వీణకు కుండలాంటిది, చిన్న అదురును పెద్ద చేస్తుంది. మూత మీద అరచెయ్యి ఆనించినప్పుడు మోత మారితే రేకు అదురుతున్నట్టు. మూత స్క్రూలు బిగించి, లోపలి అంచుకు ఫెల్ట్ పట్టీ అంటిస్తే చాలు.

మిగతా సగం ఎప్పుడు వస్తోందో రెండు రోజులు కాగితం మీద రాసుకోండి. ప్లగ్గులో పెట్టుకునే చిన్న వోల్ట్‌మీటర్ ఒకటి కొనుక్కోండి. మా ఇంట్లో సాయంత్రం ఏడింటికి 221 చూపించేది, రాత్రి పదకొండుకు 252. లెక్క ప్రకారం రావాల్సింది 230. ఊళ్లో లోడు తగ్గేకొద్దీ వోల్టేజీ పైకి పోతుంది. 220కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మీద 252 పడితే కోర్ మోయలేక మూలుగుతుంది. చిల్లుగారెలా గుండ్రంగా ఉండే టొరాయిడ్ రకానికి ఈ బాధ మరీ ఎక్కువ. నా అదృష్టం కొద్దీ మా ట్రాన్స్‌ఫార్మర్‌కు ప్రైమరీలో (మెయిన్స్ కరెంటు వచ్చే చుట్టలో) 220, 240 రెండు ట్యాపులు, అంటే వైరు కలుపుకునే కొసలు, ఉన్నాయి. వైరు 240 మీదికి మార్చాను. లోపలి వోల్టేజీ ఎనిమిది శాతం తగ్గింది. అంటే గరిష్ఠ పవర్‌లో ఒక డెసిబెల్ కూడా పోలేదు, చెవికి తేడా తెలియదు. ట్యాపు లేనివాళ్లకు మంచి స్టెబిలైజరే గతి. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీదికి వచ్చినప్పుడే మోగుతుంటే ఆంప్లిఫయర్‌ను ఏమీ అనకండి, ఆ టైంలో ఫ్యాను కూడా గుర్రుమంటుంది చూడండి.

రాత్రి సంగతి తీరిందనుకుంటే, ఓ ఆదివారం పొద్దున్నే పెట్టె ఒక్కసారిగా గర్జించింది. మీటర్ చూస్తే 228. ఆగింది. మళ్లీ మొదలైంది. చివరికి తేలింది ఏంటంటే, పక్క గదిలో మా అమ్మాయి హెయిర్ డ్రయర్ తక్కువ వేడి మీద పెట్టినప్పుడల్లా ఇది మోగుతోంది. ఫుల్ మీద పెడితే నిశ్శబ్దం. కొన్ని డ్రయర్లలో వేడి తగ్గించడానికి ఒక డయోడ్ వేస్తారు. అది కరెంటును ఒక పక్కనుంచే లాగుతుంది. దాంతో ఇంటి వైరింగులోకి కొంచెం డీసీ (అటూ ఇటూ తిరగకుండా ఒకే దిక్కుకు పోయే కరెంటు) చేరుతుంది. అర వోల్టు చాలు, టొరాయిడ్ కోర్‌లో అయస్కాంతం ఒక పక్కకు నిండిపోయి గొడవ చేస్తుంది.

దీనికి మందు డీసీ బ్లాకర్. 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు ఎదురెదురుగా సిరీస్‌లో, వాటికి ప్యారలల్‌గా 35 ఆంపియర్ల బ్రిడ్జి (నాలుగు డయోడ్లు కలిపిన ముక్క). బ్రిడ్జిలో ప్లస్సు, మైనస్సు కలిపేస్తారు, ఏసీ కాళ్లు రెండూ కెపాసిటర్ల రెండు కొసలకూ పోతాయి. ఇదంతా ఫ్యూజు తర్వాత ఫేజు వైరులో వస్తుంది. ఎర్త్ వైరును మాత్రం తాకకూడదు. సామానంతా హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో దొరికింది. కానీ ఇది మెయిన్స్ మీద పని, అలవాటు లేకపోతే తెలిసినవాళ్లతో చేయించి, ఎర్త్ చేసిన రేకు డబ్బాలో పెట్టించండి.

ఇంత చేసినా మోగితేనే ట్రాన్స్‌ఫార్మర్ జోలికి పోండి. ఫెల్ట్‌కైనా, ట్యాపుకైనా, దీనికైనా మూత తీయాలంటే ప్లగ్గు పీకి, పావుగంట ఆగి, పెద్ద కెపాసిటర్ల మీద 100 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్ పది సెకన్లు ఆనించి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. టొరాయిడ్ నడిబోల్టు వదులైందేమో చూడండి. కిందా పైనా నియోప్రీన్ (ఒక రకం రబ్బరు) షీటు ఉండాలి. నేను సైకిల్ ట్యూబు ముక్క వేసి చూశాను, ఎండాకాలానికి జీళ్లపాకంలా అయింది. బిగువు మితంగా ఉండాలి, వైండింగు నలగకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ బోల్టు పై కొస మూతకు తగలనే కూడదు. తగిలితే బోల్టు, మూత, అడుగు రేకు కలిసి ఒక చుట్టు షార్టయినట్టే. ఒకసారి పొడుగు బోల్టు వేశాను. ఆన్ చేయగానే ఫ్యూజు టప్‌మంది.

నా పాత అసెంబుల్డ్ సెట్‌లో ఉన్నది మామూలు రేకుల ట్రాన్స్‌ఫార్మర్. దానికి నాలుగు మూలల బోల్టులూ కొంచెం కొంచెంగా, ఎదురెదురు మూలలు బిగించాను. మోత తగ్గింది గానీ పోలేదు. మోటార్ వైండింగ్ షాపులో ఇచ్చి వార్నిష్‌లో ముంచి ఓవెన్‌లో ఆరబెట్టించాను. పైపైన బ్రష్షుతో పూస్తే ప్రయోజనం లేదు, అది రేకుల మధ్యకు దిగదు.

ఇప్పుడు రాత్రి పదకొండింటికి మూతకు చెవి ఆనిస్తే రెండింటిలోనూ సన్నగా వినిపిస్తుంది. రెండడుగులు వెనక్కి జరిగితే ఫ్యాను గాలి చప్పుడే పెద్దది. అక్కడితో ఆపేశాను.