విదేశాలకు బయల్దేరే ముందే వీపీఎన్ సిద్ధం చేసుకోండి

బయటి దేశం నుంచి సొంత దేశపు బ్యాంకు సైటో, ప్రభుత్వ పోర్టలో తెరవబోతే కొన్నిసార్లు అసలు లోడే కాదు. ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే నంబర్) చూసి విదేశాల నుంచి వచ్చేవాళ్లను ఆపేసే సైట్లు చాలానే ఉన్నాయి. వీపీఎన్ అంటే మీ నెట్‌ను వేరేచోటి సర్వర్ మీదుగా పంపే యాప్. అందులో సొంత దేశపు సర్వర్ ఎంచుకుంటే సాధారణంగా పని జరిగిపోతుంది. యాప్‌ను మాత్రం ఇంట్లో ఉండగానే ఇన్‌స్టాల్ చేసి, ఒకసారి వాడి చూడండి. కొన్ని దేశాల్లో వీపీఎన్ కంపెనీల సైట్లే తెరుచుకోవు. కొన్నిచోట్ల వాడకం మీదే ఆంక్షలుంటాయి, అది ముందే కనుక్కోవాలి.

ఎక్కువమందిని తికమక పెట్టేది హోటల్ వైఫై. వీపీఎన్ ముందే ఆన్‌లో ఉంటే రూమ్ నంబర్ అడిగే లాగిన్ పేజీ రాదు, నెట్టూ రాదు. కిల్ స్విచ్ (వీపీఎన్ తెగితే నెట్‌నే ఆపేసే సెట్టింగ్) పెట్టుకున్నవాళ్లకైతే మరీను. వీపీఎన్ ఆపి, ఆ పేజీ దాటి, మళ్లీ ఆన్ చేశాకే బ్యాంకు యాప్ ముట్టుకోండి. అప్పటికీ కనెక్ట్ కాకపోతే సెట్టింగ్స్‌లో ప్రోటోకాల్ (వీపీఎన్ కనెక్ట్ అయ్యే పద్ధతి) దగ్గర వైర్‌గార్డ్ బదులు ఓపెన్‌వీపీఎన్ టీసీపీ పెట్టి చూడండి. అందులో 443 పోర్టు (డేటా వెళ్లే దారి నంబర్) అయితే మామూలు వెబ్‌సైట్లు వాడేదే కాబట్టి దాన్ని మూసేసే నెట్‌వర్క్‌లు తక్కువ.

ఉచిత వీపీఎన్‌తో బ్యాంకు పనులు వద్దే వద్దు. డబ్బు కట్టిన వీపీఎన్‌లో కూడా ఒకే ఐపీని బోలెడుమంది వాడతారు కాబట్టి బ్యాంకు అనుమానించి ఖాతా లాక్ చేయొచ్చు. ఇంటి రౌటర్‌లో వైర్‌గార్డ్ సర్వర్ సదుపాయం, పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగలిగేది) ఉంటే అదే మేలు. ఫోన్‌ను వీపీఎన్‌గా దానికే కలిపితే బ్యాంకుకు కనిపించేది మీ ఇంటి ఐపీయే. ఓటీపీ సంగతి వేరు, దానికి వీపీఎన్ ఏమీ చేయలేదు. సిమ్‌కు రోమింగ్ ఆన్ చేయించుకోవాలి, లేదా వీలున్నచోట ఫోన్‌లోనే కోడ్ చూపే అథెంటికేటర్ యాప్‌కి మారాలి.